లేని పైపు

నలభై రోజులుగా పోశం రాస్తున్న అబద్ధం పెద్దదేమీ కాదు. రెండంకెల్లో ఇమిడిపోతుంది. పొద్దున పదింటికి ఇరవై ఆరు, మధ్యాహ్నం రెండింటికి ఇరవై ఆరు, సాయంత్రం ఐదింటికి ఇరవై ఆరు. రిజిస్టర్‌లో ‘బాలింతల వార్డు వేడి’ అని ఉన్న గడిలో ఈ అంకె వేసి, పక్కన సంతకం గీకి, పెన్ను జేబులో పెట్టుకుంటే ఆ పూటకు పని అయిపోయినట్టే. వార్డు గోడకు వేడిని చూపే గాజు గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని ముఖం చూసి నలభై రోజులైంది. బాలింతలుండే గదిలోకి మగవాడు ఊరికే పోకూడదు గదా అని తనకు తానే ఒక మర్యాద చెప్పుకున్నాడు. అంతకుముందు మూడేళ్ళపాటు గడప దగ్గర ఒకసారి దగ్గి, లోపల కొంగులు సర్దుకున్నాక వెళ్ళి అంకె చూసి వచ్చినప్పుడు ఈ మర్యాద ఎక్కడికి పోయిందో ఆయనకే తెలియాలి.

ఇప్పలవాగు దవాఖాన జైనూర్ నుంచి జీపులో అరగంట దూరం. ముప్పై మంచాలు, ఒక కాన్పుల గది, ఒక బాలింతల వార్డు, వీటన్నిటికంటే విశాలంగా ఒక మీటింగు హాలు. దవాఖాన మేడ మీద రెండువందల నలభై గాజు గొట్టాలు వరుసలుగా పరిచి ఉంటాయి. ఎండ ఆ గొట్టాలను కాస్తుంది, గొట్టాలు నీళ్ళను కాస్తాయి, కాగిన నీళ్ళు మూలనున్న మిషన్‌లోకి పోతాయి, మిషన్ నుంచి చల్లటి నీళ్ళు వార్డులోకి దిగుతాయి. అక్కడ గోడ మీది పెట్టెలు ఆ చలువను గాలిగా ఊదుతాయి. చుట్టుపక్కల గూడేల వాళ్ళు దీనికి ఎండమిషన్ అని పేరు పెట్టారు.

ఉడుకు నీళ్ళతో చలువ ఎట్ల పుడుతుందని అడిగినవాళ్ళకు పోశం ఓపికగా చెప్పేవాడు. ‘‘కుండల నీళ్ళు ఎట్ల సల్లబడుతయి? జరన్ని ఆవిరైపోతయి, పోయేటియి పోంగ వేడిని తీస్కపోతయి. గీ మిషన్ల గూడ గంతే. ఆవిరైన నీళ్ళను లోపట ఒక ఉప్పు తాగుతది. తాగి తాగి ఉప్పు తడిస్తది. దాన్ని మల్ల ఆరబెట్టాలంటె ఎండ గావాలె. ఎండ ఎంత గొడితె సలువ అంత.’’

ఎండకు ఈ జిల్లాలో ఏం తక్కువ? మే నెలలో కుక్కలు కూడా రోడ్డు దాటడానికి ఆలోచించే ఊళ్ళు ఇవి.

సోమవారం తెల్లవారుజామున పోశం ఎప్పటిలాగే మేడ మీద ఉన్నాడు. గొట్టాలు తుడవాల్సింది పొద్దు పొడవకముందే. పొద్దెక్కిందంటే కప్పు మీద కాలు పెట్టలేం. పైగా తడి వేసింది వేసినట్టే ఆరిపోయి, బోరునీళ్ళ సున్నం తెల్లగా పట్టి గాజు గుడ్డిదవుతుంది. తడిగుడ్డ ఎడమచేతిలో, పొడిగుడ్డ కుడిచేతిలో. ఎడమది పోయిన దారినే వెనకనుంచి కుడిది పోవాలి. పద్దెనిమిదేళ్ళు బొగ్గుబాయిలో పంపుల మీద కూలిగా పనిచేసిన చేతులకు గాజును పసిపిల్లలా పట్టుకోవడం ఇక్కడే అలవడింది.

బాలింతల వార్డు ఆయా దుర్గవ్వ ఉతికిన గుడ్డల మూటతో మెట్లెక్కి వచ్చింది. పిల్లల పొత్తిగుడ్డలు తీగ మీద విదిలించి వేస్తూ, ఆయన వైపు చూడకుండానే అంది.

‘‘పోశన్నా, నీ అద్దాలు మంచిగ మెరుస్తున్నయ్. నా వార్డు మాత్రం ఇటుకబట్టీ అయింది.’’

‘‘ఎండలు గట్లున్నయ్, దుర్గవ్వా.’’

‘‘ఎండ గొడితెనే సలువ అంటివి. మూడేండ్ల సంది గదే ముచ్చట జెప్పినవ్. గిప్పుడు తప్పు ఎండ మీద పెడుతున్నవా?’’

పోశం గుడ్డను పక్క గొట్టం మీదికి జరిపాడు. మిషన్ పక్కన రెండు వాల్వులున్నాయి. ఆకుపచ్చ రంగు వేసింది వార్డుది. రంగు వేయనిది నలభై రోజుల కిందట పుట్టింది. ఏప్రిల్ మొదట్లో దవాఖాన పాలన చూసే ఆఫీసరు సదానందం గదిలో ఏసీ కాలిపోయింది. కొత్తదాని కోసం ఫైలు పైకి పోయింది, పోయినది అక్కడే కూర్చుంది. సదానందం మంచిర్యాల నుంచి ఒక పైపుల మేస్త్రీని పిలిపించి, మిషన్ దగ్గర చల్లనీళ్ళ పైపుకు ఇంకో పైపు అతికించి, తన గదికీ మీటింగు హాలుకూ లాగించాడు. రెండు రోజుల ముచ్చటే, పోశం, అన్నాడు. మిషన్ సత్తువ ఒక్క వార్డుకే సరి. రెండు దిక్కులా పంచితే రెండు చోట్లా ఉక్కే. అందుకని వార్డు వాల్వు మూయించాడు. ‘‘రిజిస్టర్ల మాత్రం ఎప్పటిలెక్కనే రాయి. ఊకె పైనుంచి అడుగుతుంటరు’’ అన్నాడు.

పోశం మూశాడు. రాశాడు. కాంట్రాక్టు ఏజెన్సీ కింద పనిచేసేవాడికి ఆఫీసరు మాటంటే మాటే.

దుర్గవ్వ ఆఖరి గుడ్డ తీగ మీద వేసి, రంగులేని వాల్వు వైపు గడ్డంతో చూపింది. ‘‘నాకు సదువు రాదు గని పైపు ఏడికి పోతున్నదో కండ్లకు అగుపడుతది’’ అని దిగిపోయింది.

మధ్యాహ్నం రెండు దాటాక ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి మెట్లెక్కలేదు. కిందినుంచే కేకేసింది. ‘‘డాక్టరమ్మ రిజిస్టర్ తెమ్మంటున్నది. నువ్వే రావాల్నట.’’

వార్డు గడప దగ్గర పోశం అలవాటుగా దగ్గాడు. లోపల ఎవరూ కొంగు సర్దుకోలేదు. సర్దుకునే ఓపిక ఎవరికీ లేదు. కిటికీలకు కట్టిన తడి దుప్పట్లు ఆరిపోయి అట్టల్లా బిరుసెక్కాయి. గోడ మీది పెట్టెలు నోరు మూసుకున్నాయి. ఫ్యాన్లు తిరుగుతూ పైకప్పు వేడిని తెచ్చి మంచాల మీద కుమ్మరిస్తున్నాయి. పద్నాలుగు మంచాల మీద పద్నాలుగు మంది తల్లులు. కొందరు బండల మీద చెంగు తడిపి పరుచుకుని, దాని మీద పిల్లను పడుకోబెట్టారు.

తొమ్మిదో మంచం దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. మంచం మీద ఆత్రం జంగుబాయి. గోండు పిల్ల, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. పక్కన నాలుగు రోజుల ఆడపిల్ల. జంగుబాయి అత్త సెలైన్ సీసాల అట్టపెట్టె ముక్కతో విసురుతోంది. పసిదాని పెదాలు ఎండి, ఒళ్ళు ఎర్రగా ఉంది. ఏడవడం కూడా మానేసింది.

కాన్పులు చూసే డాక్టరు దీపిక కరీంనగర్ పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. జ్వరం చూసే పుల్ల తీసి చదివింది. ‘‘నూట రెండు. జంగుబాయీ, రెండు గంటలకోసారి పాలు పట్టుమన్ననా లేదా?’’

‘‘పడుతున్న బాయీ. ఈడ ఉడుకుతున్నది. పోరి గూడ ఉడుకుతున్నది’’ అంది జంగుబాయి, వచ్చీరాని తెలుగులో.

సదానందం కూడా అక్కడే ఉన్నాడు. గురువారం హైదరాబాదు నుంచి పెద్దలు వస్తున్నారని వార్డు ముస్తాబు చూసుకోవడానికి వచ్చాడు. పోశం చేతిలోంచి రిజిస్టర్ తీసుకుని, పేజీలు తిప్పి, డాక్టరమ్మ ముందు పెట్టాడు.

‘‘చూడుండ్రి మేడం. నిన్న ఇరవై ఆరు, మొన్న ఇరవై ఆరు, గియ్యాల పొద్దున ఇరవై ఆరు. నెల సంది ఒక్క అంకె ఇటుగాలే, అటుగాలే. ఇరవై ఆరుల ఏ పిల్లకైనా వేడికి జెరమొస్తదా? తల్లి పాలు వట్టకపోతె ఒస్తది. గీ గూడేలోళ్ళకు ఎంత జెప్పినా గంతే.’’

దీపిక నుదుటి మీది చెమట మోచేతితో తుడుచుకుంది. రిజిస్టర్ చూసింది. మళ్ళీ చెమట తుడుచుకుంది. మళ్ళీ రిజిస్టర్ చూసింది. చెమటకు సంతకం ఉండదు, రిజిస్టర్‌కు ఉంది. ఆమె జంగుబాయి కాగితం తీసి, తల్లి సరిగా పాలు పట్టనందున బిడ్డకు జ్వరం అని ఇంగ్లీషులో రాసింది. రాస్తూ పైకి కూడా తెలుగులో చెప్పింది, తల్లికి బుద్ధి రావాలని కాబోలు.

పోశం గోడ మీది గాజు గొట్టం వైపు చూశాడు. ముప్పై తొమ్మిది. నోరు తెరిచాడు. సదానందం ఆయన వైపు తిరిగి, ‘‘నీదేనా సంతకం?’’ అని అడిగాడు, తెలియనట్టు.

‘‘నాదే సార్.’’

అంతే వచ్చింది నోట్లోంచి. జంగుబాయి తలొంచుకుంది. ఆమె జాకెట్టు పాలతో తడిసి ఉంది. ఆ తడి అందరి కళ్ళకూ కనబడుతూనే ఉంది, కానీ అక్కడ కళ్ళతో చూసేవాళ్ళెవరూ లేరు. అందరూ చదివేవాళ్ళే. తను రాసింది రెండంకెల చిన్న అబద్ధం అనుకున్నాడు పోశం ఇన్నాళ్ళూ. అది నడిచి నడిచి వచ్చి ఒక బాలింత నెత్తిన నేరమై కూర్చుంది.

డాక్టరమ్మా ఆఫీసరూ అటు కదలగానే దుర్గవ్వ పసిదాన్ని ఎత్తి పొత్తిగుడ్డలో చుట్టి, నడవా చివర ఉన్న మందుల గదిలోకి పట్టుకుపోయింది. మందులు చెడిపోతాయని ఆ గదికి కరెంటు ఏసీ ఉంది. ‘‘మందులు కరాబైతె లెక్క అడుగుతరు. పిల్లలు కరాబైతె తల్లిని అడుగుతరు’’ అని అట్టపెట్టెల మధ్య కింద కూర్చుని, జంగుబాయిని పక్కన కూర్చోబెట్టుకుని పాలు పట్టించింది. గంటన్నరకు, ఏ మందూ వేయకుండానే, పిల్ల ఒళ్ళు చల్లబడింది. కాగితం మీద రాత మాత్రం అట్లాగే ఉంది.

మంగళవారం పొద్దున పోశం సదానందం గదికి వెళ్ళాడు. తలుపు తెరవగానే చలువ ముఖానికి కొట్టింది. తన మిషన్ చలువే. సదానందం పొడుగు చేతుల చొక్కా గుండీలు మణికట్టు దాకా పెట్టుకుని కూర్చున్నాడు.

‘‘సార్, వార్డుల ముప్పై తొమ్మిది ఉన్నది.’’

‘‘రాసిందెంత?’’

‘‘ఇరవై ఆరు.’’

‘‘ఎవరు రాసిండ్రు?’’

‘‘నేనే సార్.’’

‘‘మరింక నాకు చెప్పుడెందుకు?’’

సదానందం నవ్వలేదు. ఆయన క్రూరుడేమీ కాదు. అటెండరు కూతురి పెళ్ళికి సెలవిచ్చినవాడే, నర్సుల బదిలీకి మాట సాయం చేసినవాడే. తన గదిలో చలువ ఉండటం దవాఖాన బాగుండటంలో ఒక భాగమని ఆయన నిజంగానే నమ్మాడు. అట్లాంటి నమ్మకానికి ఎదురు చెప్పడం క్రూరత్వానికి ఎదురు చెప్పడం కంటే కష్టం.

పోశం మేడెక్కి, రంగులేని వాల్వు మూసి, ఆకుపచ్చది తెరిచాడు. పైపులో నీళ్ళు గుడగుడమని వార్డు వైపు దిగుతుంటే చెవి ఆనించి విన్నాడు. పావుగంట కాలేదు, అటెండరు పరశురాములు ఆయాసపడుతూ వచ్చాడు.

‘‘అన్నా, హాల్ల మీటింగ్ నడుస్తున్నది. సారు చెమటలు గక్కుతుండు. ముందుగాల ఎట్లుండెనో గట్లనే తిప్పి, రెండు వాల్వుల పిడులు పీక్కరమ్మన్నడు.’’

‘‘నువ్వు వార్డుకు పోయి చూసినవార?’’

‘‘నా మరదలు పోయిన నెల కాన్పయి గా వార్డులనే ఉండె. చూడకుంట ఎట్లుంట? పిడులు ఇయ్యకుంటె నా కొలువు పోతది, అన్నా.’’

పరశురాములు తనే తిప్పి, పిడులు జేబులో వేసుకుని దిగాడు. పిడులు లేకున్నా పానాతో తిప్పొచ్చు. తిప్పితే పరశురాములు మళ్ళీ వస్తాడు. ఆ తరువాత పోశం స్థానంలో ఇంకొకడు వస్తాడు, వాడు వచ్చిన రోజు నుంచే ఇరవై ఆరు రాస్తాడు. రెండింటికి రిజిస్టర్ తెరిచినప్పుడు పోశం చెయ్యి దానంతటదే ఇరవై ఆరు వేసింది.

సాయంత్రం సదానందం పిలిపించి మెత్తగానే చెప్పాడు. ‘‘గురువారం పొద్దుగాల సలువంత వార్డుకియ్యి. పెద్దమేడం వాళ్ళు చూసి మెచ్చుకుంటె ఇసొంటి మిషన్లు ఇంకో పది దవాఖానలకు ఒస్తయట. మనకు మంచి పేరు. వాళ్ళు పోయినంక మల్ల ఇటు తిప్పు. పిడులు పరశురాములు తెస్తడు. ఒక్క పూట పని. పరేషాన్ గాకు.’’

బుధవారం పోశం మూడుసార్లూ దగ్గి వార్డులోకి వెళ్ళాడు. ముప్పై ఏడు, నలభై, ముప్పై తొమ్మిది. రాయలేదు. రాస్తే పేజీ చింపుతారని తెలుసు. గడులు ఖాళీగా వదిలాడు. ఐదున్నరకు చూస్తే ఎవరో మూడు గడుల్లోనూ ఇరవై ఆరు వేసి పెట్టారు. సంతకం చోటు మాత్రం ఆయన కోసం ఉంచారు.

దుర్గవ్వ బకెట్‌లో దుప్పట్లు ముంచి పిండుతోంది. పోశం ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు మెలితిప్పారు.

‘‘నా మాట విను’’ అంది ఆమె. ‘‘రేపు గూడ సలువ ఇయ్యకు. పెద్దమేడం గీ గడప దాటి లోపటికొస్తె మొకం మండాలె. నోటితోని జెప్పేదుండదు, కాయితం జూసేదుండదు.’’

పోశానికి కూడా రాత్రంతా అదే తోచింది. పొద్దున వార్డులో నిలబడ్డాక తోచలేదు.

‘‘చూపిచ్చెటందుకు బాలింతలను ఇంకో పూట ఉడకబెడుదమా, దుర్గవ్వా? పదకొండో మంచంల నిన్న కవలలు పుట్టిండ్రు. తక్కువ బరువట.’’

ఆమె చేతులు ఆగాయి. ‘‘మరి సలువ ఇస్తె రేపొక్కపూట సల్లగుంటది. ఎల్లుండి నుంచి మల్ల గిదే కొలిమి. పైనుంచి మెచ్చుకోలు గూడ.’’

‘‘గదే ఆలోచిస్తున్న.’’

దుప్పటి నుంచి ఆఖరి నీళ్ళు కూడా కారిపోయేదాకా ఇద్దరూ తిప్పుతూనే ఉన్నారు. అప్పుడు పోశం బొగ్గుబాయి సంగతి చెప్పాడు. బాయిలో ఎవడైనా పైపు మీదో, మోటారు మీదో పనికి దిగాలంటే ముందు దాన్ని బంద్ చేసి తన సొంత తాళం వేసుకుంటాడు. తాళంచెవి తన మొలకే కట్టుకుంటాడు. ఆ తాళం వేసినవాడు తప్ప ఇంకెవడూ ముట్టకూడదు. మేనేజరైనా సరే, వచ్చి పక్కన నిలబడి ఎదురుచూడాల్సిందే. ఎందుకంటే లోపల ఒక మనిషి ప్రాణం ఆ తాళం మీద ఆధారపడి ఉంటుంది.

‘‘నీ తాళం ఉన్నదా ఇంక?’’ అని అడిగింది దుర్గవ్వ.

‘‘ఉన్నది. ఇత్తడిది.’’

గురువారం తెల్లవారుజామున పోశం గొట్టాలు తుడవడానికంటే ముందు ఇంకో పని చేశాడు. పంపు ఇంకా నిద్రలేవలేదు. హాలుకు పోయే పైపు మీది నల్ల తొడుగు కత్తితో చీల్చి ఒలిచాడు. కింద తొట్టి పెట్టి, ఇనుము కోసే రంపంతో పైపును రెండు చోట్ల కోశాడు. మూరెడు ముక్క చేతిలోకి వచ్చింది. మంచిర్యాల మేస్త్రీ పని ఎంత కచ్చాదంటే అనుకున్నంత సేపు కూడా పట్టలేదు. మిషన్ వైపు మిగిలిన కొసకు రంధ్రంలేని ఇనుప బిళ్ళ వేసి, రబ్బరు పెట్టి, నాలుగు బోల్టులు బిగించాడు. బాయిలో దీన్ని డమ్మీ కొట్టడం అంటారు. బోల్టుల మీదుగా ఒక గొలుసు చుట్టి ఇత్తడి తాళం వేశాడు. ఆకుపచ్చ వాల్వును పానాతో నిండుగా తెరిచాడు. తరువాత తడిగుడ్డ ఎడమచేతిలోకి, పొడిగుడ్డ కుడిచేతిలోకి తీసుకుని రెండువందల నలభై గొట్టాలూ తుడిచాడు. కొలువు పోతుందని తెలుసు. ఆఖరి తుడుపు కాబట్టి కాస్త ఎక్కువసేపే తుడిచాడు. కిందికి దిగి తాళంచెవి దుర్గవ్వ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడివేసుకుంది. పిడులు పట్టుకొచ్చిన పరశురాములును, పానాతో అప్పుడే తిప్పేశానని చెప్పి మెట్ల దగ్గరి నుంచే వెనక్కి పంపాడు.

పదిన్నరకు మూడు కార్లు వచ్చాయి. హైదరాబాదు పెద్దమేడం తెల్లజుట్టు మనిషి, నింపాదిగా నడుస్తుంది, అడగాల్సింది అడుగుతుంది. వార్డులో అడుగుపెట్టగానే ఆగి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం చలువను ఆస్వాదించింది. మంచాల మీద తల్లులు నిద్రపోతున్నారు. పగటిపూట ఆ వార్డులో నిద్ర కనబడి నలభై రోజులైంది. మేడం అడుగుల చప్పుడు తగ్గించుకుంది. రిజిస్టర్ తిప్పింది. ‘‘ఎప్పుడూ ఇరవై ఆరేనా? చాలా బాగుంది’’ అంది.

‘‘మేడ మీదికి పోదామా?’’ అని ఆమే అడిగింది.

‘‘పైన మస్తు ఎండ మేడం. మీకెందుకు తక్లీఫ్? ఫొటోలు తీయించి పెట్టిన’’ అన్నాడు సదానందం. మేడం తన మోకాళ్ళ వైపు చూసుకుని సరేనంది. ఫొటోలు ఏప్రిల్ కంటే ముందువి.

హాలులో అందరూ కూర్చున్నారు. హాలు ఉడికిపోతోంది. సదానందానికి మెడ పట్టీ తడిసింది. అయినా అదీ మంచికే వచ్చిందన్నట్టు, ‘‘మాకేం మేడం, మేం ఎట్లనైనా ఉంటం. సలువ తల్లులకు ముఖ్యం’’ అన్నాడు. గోడకు ఆనుకుని నిలబడిన పోశం చేతిలో తుడుపుగుడ్డను గట్టిగా నలిపాడు. ముందుకు వెళ్ళి మొత్తం కక్కేయాలని కాళ్ళు కదిలాయి.

అంతలో మేడం సంచిలోంచి ఒక కాగితం తీసింది. ‘‘ఇంకో చోట మిషన్ నుంచి ఎవరో దొంగ లైను లాగించుకున్నారు. అందుకే ఈసారి ప్రతిచోటా రాయించుకుంటున్నాం. ఇక్కడ వార్డుకు తప్ప ఇంకెక్కడికైనా పైపు ఉందా?’’

‘‘లేదు మేడం.’’

‘‘ఎప్పుడూ వేయలేదా?’’

‘‘ఎప్పుడు లేదు మేడం.’’

‘‘అయితే ఆ మాటే రాసి, సంతకం చేసి, ముద్ర వేయండి.’’

సదానందం చక్కటి చేతిరాతతో రాశాడు. వార్డు లైను తప్ప ఈ మిషన్‌కు వేరే పైపు లేదు, ఎన్నడూ లేదు. సంతకం పెట్టాడు. పరశురాములు ముద్ర ఇచ్చాడు. ఠప్పున కొట్టాడు. పోశం కాళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి. కాగితం ఒకటి మేడం సంచిలోకి పోయింది, దాని నకలు ఆఫీసు ఫైలులోకి పోయింది.

కార్లు వెళ్ళిపోయాక, రెండున్నరకు, పరశురాములు పిడులు పట్టుకుని మేడెక్కాడు. గొలుసునూ తాళాన్నీ కోసిన పైపునూ చూసి దిగాడు. అతను నవ్వు ఆపుకోవడానికి పెదాలు బిగబట్టడం పోశం గమనించాడు. కాసేపటికి మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి. మూడేళ్ళలో సదానందం మేడ ఎక్కడం అదే మొదలు. ఎండ దెబ్బకు కళ్ళు చిట్లించి, చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

‘‘ఎవన్నడిగి కోసినవ్?’’

‘‘ఏది సార్?’’

‘‘ఏదేంది? పైపు.’’

‘‘ఏ పైపు సార్?’’

‘‘నకరాలు జేస్తున్నవా? హాలు పైపు. సర్కారు ఆస్తి కోసినవని ఇప్పుడే రాస్తె రేపటికి జైల్ల ఉంటవ్.’’

పోశం మిషన్ మీదినుంచి మూరెడు పైపు ముక్క తీసి, రెండు చేతులా పట్టుకుని ఆయన ముందుంచాడు. ‘‘రాయుండ్రి సార్. గని పొద్దుగాల మీరే రాసిచ్చిండ్రు గద, వార్డుకు తప్ప ఇంకో పైపు లేదు, ఎన్నడు లేదని. దస్తఖతు మీదే, ముద్ర మీదే. లేని పైపును నేనెట్ల కోస్త సార్?’’

సదానందం జేబులోంచి పెన్ను తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. రాయాలంటే ఏ పైపని రాయాలి? ఎవరు వేయించారని రాయాలి? ఆయన కళ్ళు ఆ ముక్క మీదినుంచి తాళం మీదికి, తాళం మీదినుంచి ముక్క మీదికి తిరిగాయి. నలభై రోజులు కాగితంతో మనుషుల నోళ్ళు మూయించినవాడికి తన కాగితమే అడ్డం పడింది. కప్పు వేడి చెప్పుల్లోంచి అరికాళ్ళకు ఎక్కుతుంటే ఆయన ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడ్డాడు.

‘‘తాళంచెవి ఏది?’’

‘‘దుర్గవ్వ కొంగుల ఉన్నది సార్. బాలింతల వార్డుల. మీరు పోయి అడుగుండ్రి.’’

‘‘ఏజెన్సీకి ఫోన్ జేస్త. రేపటి సంది రాకు.’’

‘‘సరే సార్. గియ్యాలటి ఐదు గంటల అంకె మాత్రం నాది.’’

సదానందం దిగిపోయాడు. దుర్గవ్వను అడగడానికి వార్డుకు పోలేదు. బాలింతలుండే గది గదా.

నాలుగున్నరకు పోశం రిజిస్టర్ చంకన పెట్టుకుని దీపిక దగ్గరికి వెళ్ళాడు. ఆమె దవాఖాన విడిచి పోయే తల్లుల కాగితాలు రాస్తోంది. జంగుబాయిది కూడా అందులో ఉంది.

‘‘మేడం, గీ ఇరవై ఆరులు నేను పైన కూసోని రాసినయి. నలభై రోజుల సంది వార్డుకు సలువ బంద్. సోమవారం మధ్యాహ్నం ముప్పై తొమ్మిది ఉండె. గా పిల్లకు జెరమొచ్చింది తల్లి వల్ల గాదు. నా వల్ల.’’

దీపిక పెన్ను ఆపింది. ముఖం ఎర్రబడింది, కోపంతో కాదు. ‘‘ఇది రాసిస్తవా, పోశన్నా?’’

‘‘రాసే తెచ్చిన.’’

రిజిస్టర్‌లో సోమవారం పేజీ అడుగున ఆయన తన మాటల్లోనే ముందే రాసి సంతకం పెట్టి ఉంచాడు. ఆమె రెండుసార్లు చదివి, జంగుబాయి కాగితం బయటికి లాగి, పాత వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పైన వార్డు వేడి వల్ల అని రాసి, తేదీ వేసింది. తరువాత లేచి, తనే తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్ళింది. వెనక పోశం, ఆయన వెనక దుర్గవ్వ. జంగుబాయి గుడ్డలు మూట కట్టుకుంటోంది. పిల్ల పక్కన నిద్రపోతోంది.

‘‘జంగుబాయీ, మొన్న నేను రాసింది తప్పు. కొట్టేసిన. నువ్వు పాలు మంచిగనే పట్టినవ్. గది ఉడుకుకు పిల్లకు జెరమొచ్చింది. ఇప్పుడు రిజిస్టర్ల గూడ ఉన్నది’’ అంది దీపిక.

జంగుబాయి మూట ముడి బిగించి, డాక్టరమ్మను చూసింది, తరువాత పోశం చంకలోని రిజిస్టర్‌ను చూసింది. కోపంగా కాదు, అర్థం కాక అడిగింది.

‘‘నేను సోమారమే జెప్పిన గద బాయీ, ఉడుకుతున్నదని?’’

దుర్గవ్వ పిల్లను ఎత్తి తల్లి చేతుల్లో పెట్టింది. అత్తాకోడళ్ళు నడవా దాటి, ఎండ తగ్గిన వాకిట్లోకి, జైనూర్ జీపు ఆగే వైపు నడిచారు.

ఐదయింది. పోశం గోడ దగ్గరికి వెళ్ళి గాజు గొట్టం చూశాడు. ఇరవై ఎనిమిది. రిజిస్టర్ కిటికీ గూట్లో ఆనించి, గడిలో ఇరవై ఎనిమిది అని రాసి, సంతకం పెట్టాడు.